పసుపు, పారాణి, సోలార్ సెల్: వెలుతురు పట్టే అణువును ఎలా కడతారు

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చినప్పటి నుంచి హైదరాబాద్‌లో డాబా ఉన్న చాలా ఇళ్లలో సోలార్ లెక్కలు నడుస్తున్నాయి. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ, నెలకు ఎంత బిల్లు తగ్గుతుంది, ఎన్నేళ్లకు పెట్టుబడి తిరిగొస్తుంది. ఈ లెక్కల మధ్యలో ఇంకో మాట కూడా తిరుగుతోంది: ‘ప్లాస్టిక్ సోలార్ వచ్చేస్తోంది, 20 శాతం దాటిందట, కొన్నాళ్లు ఆగితే గోడకు రంగు వేసినట్టు వేసుకోవచ్చు.’

20 శాతం మాట నిజమే. అయితే అది ప్రయోగశాలలో, చాలాసార్లు చిటికెన వేలి గోరు కంటే చిన్న ముక్క మీద, గాలీ తేమా తగలని పెట్టెలో తీసిన కొలత. ఆ ముక్కకూ డాబా మీది ప్యానెల్‌కూ మధ్య దూరం ఎంతో తెలియాలంటే, అందులో వెలుతురును పట్టే అణువు ఎలా తయారైందో చూడాలి. ఆ అణువులో ఒకచోట లాభం కోసం చేసిన ప్రతి మార్పుకూ ఇంకోచోట ధర చెల్లించాల్సి వస్తుంది. ఈ రంగంలో నలభై ఏళ్ల పని అంతా ఆ బేరమే.

ముందు ఒక మాట. ఈ ‘ప్లాస్టిక్ సోలార్’ అసలు పేరు సేంద్రియ సోలార్ సెల్. ఇక్కడ సేంద్రియం అంటే ఎరువులు వేయని పంట కాదు. కార్బన్ గొలుసులతో, ఉంగరాలతో కట్టిన రసాయనం అని అర్థం. పెట్రోలు, పారాసెటమాల్, పట్టుచీర మీది రంగు కూడా ఆ లెక్కన సేంద్రియాలే.

చదరపు మీటరుకు 370 గ్రాములు, 0.12 గ్రాము

డాబా మీద కనిపించే నల్లని ప్యానెల్‌లో ఉండేది సిలికాన్ పలక. మందం సుమారు 160 మైక్రాన్లు. సిలికాన్ వెలుతురును నెమ్మదిగా పీల్చుకుంటుంది కాబట్టి అంత మందం కావాలి. చదరపు మీటరుకు లెక్కేస్తే 160 ఘన సెంటీమీటర్లు, 2.33 సాంద్రతతో గుణిస్తే దాదాపు 370 గ్రాములు. పైగా దాన్ని 1,400 డిగ్రీలకు పైన కరిగించి స్ఫటికంగా లాగాలి.

సేంద్రియ సెల్‌లో వెలుతురు పట్టే పొర మందం 100 నానోమీటర్లు, అంటే సిలికాన్ పలకలో 1,600వ వంతు. చదరపు మీటరుకు 0.1 ఘన సెంటీమీటరు, సుమారు 0.12 గ్రాము. చిటికెడు ఉప్పు కంటే తక్కువ. ఇంత పలచని పొర సరిపోవడానికి కారణం ఆ అణువులు వెలుతురును సిలికాన్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా పీల్చుకోవడమే. దాన్ని ద్రావకంలో కరిగించి సిరాలా పూయవచ్చు. ప్లాస్టిక్ షీటు మీద పూస్తే వంగుతుంది, బరువుండదు. రేకుల షెడ్డు మీద, గాజు కిటికీ మీద, డేరా గుడ్డ మీద సిలికాన్ ప్యానెల్ మోయించలేని చోట్ల దీనికి చోటుంది.

పసుపు పచ్చగా ఎందుకుంటుంది

వెలుతురు పట్టడమంటే ఏమిటో వంటింటి పసుపు డబ్బాలోనే చూడవచ్చు. పసుపుకు రంగునిచ్చేది కర్క్యుమిన్. ఆ అణువు పొడవునా కార్బన్ల మధ్య ఒక బంధం, రెండు బంధాలు, మళ్లీ ఒకటి, మళ్లీ రెండు, ఇలా వరుస ఉంటుంది. ఈ వరుసలో కొన్ని ఎలక్ట్రాన్లు ఒక్క పరమాణువుకు కట్టుబడి ఉండవు. వరుస మొత్తం మీద పరుచుకుని ఉంటాయి.

వరుస ఎంత పొడుగైతే ఎలక్ట్రాన్‌ను పైమెట్టుకు ఎక్కించడానికి అంత తక్కువ శక్తి చాలు. ఒకే ద్విబంధం ఉన్న ఇథిలీన్ 170 నానోమీటర్ల దగ్గర పీల్చుకుంటుంది. అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతి. రెండు ద్విబంధాల బ్యూటాడైన్ 217 దగ్గర, మూడున్న హెక్సాట్రైన్ 258 దగ్గర. పదకొండు ద్విబంధాలు వరుసగా ఉన్న క్యారెట్ రంగు బీటా కెరోటిన్ 450 దగ్గర నీలిని మింగేస్తుంది, అందుకే మనకు నారింజ రంగు కనిపిస్తుంది. కర్క్యుమిన్ 425 దగ్గర పీల్చుకుంటుంది.

ఎలక్ట్రాన్లు నిండిన చివరి మెట్టును హోమో అనీ, దానిపైన ఖాళీగా ఉన్న మొదటి మెట్టును లూమో అనీ అంటారు. రెంటి మధ్య దూరమే గ్యాప్. దాన్ని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. 1240ని గ్యాప్‌తో భాగిస్తే, ఏ తరంగదైర్ఘ్యం దాకా ఆ అణువు వెలుతురును పట్టగలదో నానోమీటర్లలో వస్తుంది. గ్యాప్ 1.9 అయితే 650 నానోమీటర్ల దాకా, 1.33 అయితే 930 దాకా.

ఈ తేడా చిన్నది కాదు. సూర్యకాంతిలో 650 దాకా ఉన్న ఫోటాన్లన్నీ (వెలుతురు కణాలన్నీ) ఎలక్ట్రాన్లుగా మారినా చదరపు సెంటీమీటరుకు సుమారు 17 మిల్లీయాంపియర్లే. 930 దాకా పట్టగలిగితే ఆ పరిమితి 35 దాటుతుంది. సూర్యుడు పంపే దాంట్లో పెద్ద వాటా కంటికి కనపడని సమీప పరారుణంలో ఉంది. దాన్ని అందుకోవాలంటే గ్యాప్ తగ్గాలి.

ద్విబంధాల వరుసను పెంచుకుంటూ పోతే సరిపోదా? సరిపోదు. కొంత పొడుగు తర్వాత వరుస పెరిగినా గ్యాప్ పెద్దగా తగ్గదు. పొడుగు గొలుసు మెలి తిరుగుతుంది, మెలి తిరిగినచోట ఎలక్ట్రాన్లు పరుచుకునే దారి తెగుతుంది. అందుకే రెండో ఉపాయం కావాల్సి వచ్చింది.

సున్నం కలిపితే ఎర్రబడడంలో ఉన్న ఉపాయం

పసుపులో సున్నం కలిపితే పారాణి. హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు కూడా అదే. అక్కడ జరిగేది రంగు కలవడం కాదు, అణువు మారడం. కర్క్యుమిన్ రెండు చివర్లలో ఫీనాల్ ఉంగరాలున్నాయి. అవి ఎలక్ట్రాన్లను లోపలికి తోస్తాయి. మధ్యలో ఆక్సిజన్లున్న భాగం వాటిని లాక్కుంటుంది. సున్నం ఫీనాల్ నుంచి ప్రోటాన్‌ను తీసేసుకుంటే అక్కడి ఆక్సిజన్ మీద రుణావేశం మిగిలి, తోసే శక్తి బాగా పెరుగుతుంది. తోపు పెరిగితే గ్యాప్ తగ్గుతుంది. పీల్చుకునే వెలుతురు పొడుగు తరంగాల వైపు జరుగుతుంది. పచ్చన పోయి ఎరుపు వస్తుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చన.

సోలార్ అణువులు కట్టేవాళ్లు చేసేది ఇదే. ఎలక్ట్రాన్లను తోసే ముక్కనూ (దాత), లాగే ముక్కనూ (గ్రహీత) ఒకే అణువులో పక్కపక్కన కుడతారు. తోసే ముక్క హోమోను పైకి లేపుతుంది, లాగే ముక్క లూమోను కిందికి దించుతుంది. ఏ ముక్కను ఎక్కడ పెట్టాలో తెలిస్తే గ్యాప్‌ను దాదాపు కోరినచోట ఆపవచ్చు. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో సోలార్ సెల్‌లకు వాడే రంగు అణువుల మీద ఏళ్ల తరబడి జరుగుతున్న పనికి కూడా ఈ తోపు, లాగుడే పునాది.

పట్టుకున్న వెలుతురు వెంటనే కరెంటు కాదు

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. సిలికాన్‌లో ఫోటాన్ పడితే ఎలక్ట్రాన్ విడిపోయి తన దారిన పోతుంది. సేంద్రియ అణువులో ఎలక్ట్రాన్ పైమెట్టు ఎక్కినా, అది వదిలి వచ్చిన ఖాళీ (హోల్) దాన్ని విడిచిపెట్టదు. ఒకటి రుణం, ఒకటి ధనం. రెండూ జంటగా తిరుగుతాయి. ఈ జంటను ఎక్సైటాన్ అంటారు.

ఎంత గట్టిగా అతుక్కుని ఉంటాయో లెక్క చూడండి. ఒక నానోమీటరు దూరంలో ఉన్న రెండు ఆవేశాల మధ్య ఆకర్షణ శూన్యంలో 1.44 ఎలక్ట్రాన్ వోల్టులు. మధ్యలో పదార్థం ఉంటే దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకంతో భాగించాలి. సేంద్రియ పదార్థాల్లో అది 3 నుంచి 4. 1.44ను 3.5తో భాగిస్తే 0.41. గది వేడిమి ఇచ్చే శక్తి 0.026 మాత్రమే. పదహారు రెట్లు తక్కువ. మామూలు వేడికి ఈ జంట విడిపోదు. సిలికాన్‌లో ఆ స్థిరాంకం దాదాపు 12, జంట మధ్య దూరం కూడా ఎక్కువ. అక్కడ ఆకర్షణ గది వేడిమి కంటే తక్కువే.

జంటను విడదీయాలంటే ఇంకో పదార్థం పక్కన ఉండాలి, దాని లూమో ఇంకాస్త కింద ఉండాలి. ఎలక్ట్రాన్ అక్కడికి దిగుతుంది, హోల్ ఇక్కడే ఉండిపోతుంది. 1986లో కోడాక్ సంస్థలో చింగ్ టాంగ్ రెండు పదార్థాలను ఒకదాని మీద ఒకటి పూసి దాదాపు 1 శాతం సామర్థ్యం చూపించింది ఈ సూత్రంతోనే. అయితే ఎక్సైటాన్ ఆయుష్షు చాలా చిన్నది. ఆరిపోయేలోపు సుమారు 10 నానోమీటర్లు మాత్రమే నడవగలదు. వెలుతురు బాగా పట్టాలంటే పొర 100 నానోమీటర్లుండాలి, జంట విడిపోవాలంటే సరిహద్దు 10 నానోమీటర్లలో ఉండాలి. రెండు పొరలతో ఈ రెండూ కుదరవు.

1995లో అలాన్ హీగర్ బృందం రెండు పదార్థాలనూ ఒకే ద్రావకంలో కలిపి పూసింది. ఆరేటప్పుడు అవి పాలు విరిగినట్టు సన్నసన్నగా విడిపోయి, ఒకదానిలో ఒకటి అల్లుకుపోతాయి. ఎక్కడ ఎక్సైటాన్ పుట్టినా సరిహద్దు దగ్గర్లోనే ఉంటుంది. ఈనాటికీ మంచి సెల్‌లలో చాలావరకు ఈ పద్ధతివే. ఎలక్ట్రాన్‌ను ఇచ్చే పదార్థంగా (ఇక్కడ దాత అంటే ఇదే) ఒక పాలిమర్, అంటే పొడుగు గొలుసు అణువు, తీసుకునే పదార్థంగా (గ్రహీత) ఫుల్లరిన్ (60 కార్బన్ల బంతికి ఒక తోక తగిలించిన పీసీబీఎం), ఈ జోడీ ఇరవై ఏళ్లు రాజ్యమేలింది.

ఫుల్లరిన్‌తో తంటా ఏమిటంటే అది ఎలక్ట్రాన్లను చక్కగా తీసుకుంటుంది కానీ ఎర్ర వెలుతురును, పరారుణాన్ని దాదాపు పట్టదు. మిశ్రమంలో సగం బరువు వెలుతురు పట్టని పదార్థమే అన్నమాట. ఆ బంతి మీద లూమోను మార్చడం కూడా కష్టం.

వై6 అణువు, ముక్క ముక్కగా

2015లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో షావోవెయ్ ఝాన్ బృందం ఐటీఐసీ అనే అణువుతో ఫుల్లరిన్ లేకుండా దారి తెరిచింది. 2019లో యింగ్‌పింగ్ జోవ్ బృందం, ఫుల్లరిన్ స్థానంలో గ్రహీతగా పనిచేసే వై6 అనే అణువును ప్రకటించింది. దాన్ని దగ్గరగా చూస్తే అణువు కట్టడంలోని ఆలోచన మొత్తం తెలుస్తుంది.

మధ్యలో లాగే ముక్క, బెంజోథయాడయాజోల్. దానికి రెండు వైపులా నైట్రోజన్, గంధకం ఉన్న ఉంగరాలు ఒకదానికొకటి అంచులు పంచుకుంటూ అతికి ఉంటాయి. అవి తోసే ముక్కలు. ఉంగరాలు అలా అతికి ఉండడం వల్ల నడుము మెలి తిరగదు, పలకలా ఉంటుంది. రెండు చివర్లలో ఒక్కొక్క గట్టి లాగే ముక్క, దాని మీద రెండేసి సైనో గుంపులు, రెండేసి ఫ్లోరిన్లు. లాగు, తోపు, లాగు, తోపు, లాగు: ఇదీ వరుస. అణువు మొత్తం ఆకారం కొడవలిలా వంగి ఉంటుంది. ఆ వంపే పక్క అణువుల మీద చివరలు చివరలతో పొందికగా పడుకునేలా చేస్తుంది.

ఆ పడుకోవడం ఎంత ముఖ్యమో ఒక్క కొలతలో తెలుస్తుంది. క్లోరోఫాంలో విడివిడిగా కరిగి ఉన్నప్పుడు వై6 731 నానోమీటర్ల దగ్గర ఎక్కువగా పీల్చుకుంటుంది. అదే పదార్థాన్ని పొరగా ఆరబెడితే ఆ శిఖరం 821కి జరుగుతుంది. అణువు మారలేదు, పక్కవాళ్లతో సర్దుకున్న తీరు మారింది. 90 నానోమీటర్ల పరారుణం ఆ సర్దుబాటు వల్ల వచ్చిందే.

పీఎం6 అనే పాలిమర్‌తో కలిపినప్పుడు 2019లో ప్రకటించిన కొలతలు: వోల్టేజీ 0.83, కరెంటు చదరపు సెంటీమీటరుకు 25.3 మిల్లీయాంపియర్లు, ఫిల్ ఫ్యాక్టర్ 74.8 శాతం. ఫిల్ ఫ్యాక్టర్ అంటే ఆ వోల్టేజీనీ ఆ కరెంటునూ ఒకేసారి తీసుకోబోతే నిజంగా చేతికొచ్చే వాటా. 0.83ను 25.3తో గుణిస్తే 21. అందులో 74.8 శాతం 15.7. పరీక్షలో పడే సూర్యకాంతి చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు కాబట్టి అదే సామర్థ్యం: 15.7 శాతం. పీ3హెచ్‌టీ అనే పాత పాలిమర్, ఫుల్లరిన్ జోడీకి ఇవే మూడు సంఖ్యలు సుమారు 0.6, 10, 65 శాతం. గుణిస్తే 4 శాతం కూడా లేదు. పెరుగుదలలో పెద్ద వాటా కరెంటుదే, అంటే గ్యాప్ తగ్గించడానిదే. ఆ తర్వాత వచ్చిన 18, 19, 20 శాతాలు చాలావరకు ఇదే కొడవలి నడుముకు తోకలు మార్చి, చివర్లలో ఫ్లోరిన్ బదులు క్లోరిన్ పెట్టి, మూడో పదార్థం కలిపి సాధించినవి.

వోల్టేజీ ఎక్కడ కారిపోతోంది

గ్యాప్ తగ్గిస్తే కరెంటు పెరుగుతుంది, వోల్టేజీ తగ్గుతుంది. ఆ బేరం సిలికాన్‌కూ ఉంది. సేంద్రియాల బాధ వేరు: గ్యాప్ ఇచ్చిన దాంట్లో కూడా పెద్ద భాగం దారిలో పోతుంది. పీ3హెచ్‌టీ గ్యాప్ 1.9, వోల్టేజీ 0.6, కాబట్టి నష్టం 1.3. వై6 గ్యాప్ 1.33, వోల్టేజీ 0.83, నష్టం 0.5. మంచి సిలికాన్ సెల్‌లో 1.12 గ్యాప్‌కు నష్టం 0.4 లోపే.

ఈ నష్టంలో ఒక భాగం జంటను విడదీయడానికి ఇచ్చే దిగుడు. దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. పాత పాఠం ప్రకారం దాత, గ్రహీతల మెట్ల మధ్య కనీసం 0.3 ఎలక్ట్రాన్ వోల్టుల దిగుడు ఉండాలి. పీఎం6, వై6 హోమోలను మొదట కొలిచినప్పుడు తేడా 0.09 మాత్రమే వచ్చింది. అయినా జంటలు విడిపోతున్నాయి. దీని నుంచి ఒక వర్గం, దిగుడు లేకున్నా పని జరుగుతుందనీ, వై6 అణువులు సర్దుకున్న తీరు వల్ల ఎక్సైటాన్ విశాలంగా పరుచుకుని తేలిగ్గా విడిపోతుందనీ అంటుంది. రెండో వర్గం ఆ 0.09నే ప్రశ్నిస్తుంది. అది విద్యుత్ రసాయన పద్ధతిలో కొలిచిన సంఖ్య. ఘన పొర మీద ఫోటోఎలక్ట్రాన్ పద్ధతిలో కొలిస్తే తేడా ఎక్కువే కనిపిస్తుంది, కాబట్టి దిగుడు అవసరం పోలేదు అంటారు. నా దృష్టిలో రెండో వాదనకు బలం ఎక్కువ. ఒకే పదార్థానికి హోమో విలువ పద్ధతిని బట్టి 0.2, 0.3 మారుతున్నప్పుడు 0.09 మీద సిద్ధాంతం కట్టడం కష్టం. అయితే దిగుడు తగ్గినా వై6 జాతి పనిచేస్తోందన్నది కాదనలేని మాట.

నష్టంలో రెండో భాగం తిరిగి కలిసిపోయే జంటలది. కలిసినప్పుడు వెలుతురుగా బయటికి వస్తే ఫరవాలేదు, వేడిగా పోతేనే నష్టం. సెల్‌కు బయటి నుంచి కరెంటు ఇచ్చి అది ఎంత వెలుగుతుందో కొలుస్తారు. వెలుగు పదింతలు తగ్గిన ప్రతిసారీ సుమారు 0.06 వోల్టు పోయినట్టు. పది లక్షల్లో ఒక్క జంటే వెలిగితే 0.36 వోల్టు నష్టం, పది వేలల్లో ఒకటి వెలిగితే 0.24. ఫుల్లరిన్ జోడీలు మొదటి లెక్కకు దగ్గర, వై6 జోడీలు రెండోదానికి దగ్గర. మంచి సోలార్ సెల్ మంచి బల్బు కూడా అయ్యుండాలి అని ఈ రంగంలో అనేది అందుకే.

తోకల పని

అణువు పటంలో అందరూ నడుమును చూస్తారు. పని చెడేది మాత్రం ఎక్కువగా తోకల దగ్గర. తోకలంటే నడుముకు వేలాడే కార్బన్ గొలుసులు. అవి వెలుతురు పట్టవు, కరెంటు మోయవు. కానీ తోకలు లేకపోతే పలకలాంటి నడుములు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ద్రావకంలో కరగవు, సిరాయే తయారవదు. వై6లో నైట్రోజన్ల మీద ఎనిమిది కార్బన్ల కొమ్మ తోకలు, అంచుల్లో పదకొండు కార్బన్ల తిన్నని తోకలు ఉంటాయి. ఎనిమిది బదులు పన్నెండు కార్బన్ల కొమ్మ పెడితే ఇంకా తేలిగ్గా కరుగుతుంది, క్లోరోఫాం బదులు తక్కువ హానికరమైన ద్రావకాలు వాడవచ్చు. కానీ తోక బరువు పెరిగిన కొద్దీ పొరలో పనిచేసే పదార్థం పలచబడుతుంది, నడుముల మధ్య ఎడం పెరుగుతుంది.

పూసే తీరు కూడా చూద్దాం. పీఎం6 ఒక వంతుకు వై6 1.2 వంతులు, మొత్తం మిల్లీలీటరుకు 16 మిల్లీగ్రాములు, క్లోరోఫాంలో. దానికి ఘనపరిమాణంలో అర శాతం క్లోరోనాఫ్తలీన్. గిరగిర తిరిగే పళ్లెం మీద పూసి 110 డిగ్రీల దగ్గర పది నిమిషాలు కాస్తారు. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి సెకన్లలో ఎగిరిపోతుంది. క్లోరోనాఫ్తలీన్ 260 దగ్గర మరుగుతుంది, అది చివరిదాకా ఆగి వై6 అణువులకు సర్దుకునే వ్యవధి ఇస్తుంది. ఆ అర శాతం మరీ ఎక్కువైతే స్ఫటికాలు పెద్దవై, సరిహద్దు 10 నానోమీటర్లు దాటిపోయి కరెంటు పడిపోతుంది. అసలు లేకపోతే అణువులు కలగాపులగంగా ఉండిపోయి ఫిల్ ఫ్యాక్టర్ పడిపోతుంది. మే నెల వేడిలో ఏసీ సరిగా లేని గదిలో, జులై ముసురులో, జనవరి చలిలో ఒకే సిరా మూడు రకాల పొరలు ఇస్తుంది. ద్రావకం ఆరే వేగం మారుతుంది, చల్లబడిన పొర మీద తేమ పట్టి తెల్లగా మసకేస్తుంది. అందుకే ఈ పని నైట్రోజన్ నింపిన పెట్టెలో చేస్తారు. ఫ్యాక్టరీలో చదరపు మీటర్ల కొద్దీ పూసేటప్పుడు అంత సౌఖ్యం దొరకదు.

కంప్యూటర్ లెక్క ఎంతవరకు

‘కంప్యూటర్ 20 శాతం సామర్థ్యం గల అణువును కనిపెట్టింది’ అనే వార్తలు అప్పుడప్పుడూ వస్తాయి. సాధారణంగా జరిగేది ఇది: డీఎఫ్‌టీ అనే క్వాంటమ్ లెక్కతో ఒంటరి అణువు హోమో, లూమోలు, అది పీల్చుకునే రంగు కడతారు. వాటిని షార్బర్ బృందం 2006లో ఇచ్చిన సూత్రంలో పెడతారు. దాత హోమోకూ గ్రహీత లూమోకూ తేడా తీసి, 0.3 తగ్గిస్తే వోల్టేజీ. ఉదాహరణకు (మెట్లను పైనుంచి లోతుగా కొలిస్తే) దాత హోమో 5.1, గ్రహీత లూమో 4.2 అయితే తేడా 0.9, వోల్టేజీ 0.6. అది పీ3హెచ్‌టీ విషయంలో సరిగ్గా కుదిరింది. ఆ సూత్రం ఫిల్ ఫ్యాక్టర్‌ను, ఫోటాన్లు కరెంటుగా మారే వాటాను రెంటినీ 65 శాతంగా ముందే అనుకుంటుంది. అంటే పొర ఎలా ఆరుతుందన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. పైగా సమయం ఆదా కోసం పొడుగు తోకల్ని కత్తిరించి, ఒక్క కార్బన్ మిథైల్‌గా మార్చి లెక్క కడతారు. పొరను నిర్ణయించే భాగమే పోతుంది.

అలాగని ఆ లెక్కలు వృథా కాదు. హార్వర్డ్ బృందం ఎంతోమంది కంప్యూటర్లలో ఖాళీ సమయాన్ని వాడుకుని 23 లక్షల అణువులను జల్లెడ పట్టింది. గ్యాప్ మరీ ఎక్కువున్నవి, మెట్లు కుదరనివి తీసేయడానికి అది మంచి జల్లెడ. మిగిలిన వాటిలో ఏది నిలుస్తుందో గాజు పలక మీదే తేలుతుంది.

పది స్టెప్పులు, పదకొండు గ్రాములు

వై6 తయారీలోని చర్యలు జీడిమెట్ల, పాశమైలారం బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసే కెమిస్టులకు కొత్తవి కావు. నైట్రో గుంపులను ట్రైఇథైల్ ఫాస్ఫైట్‌తో 180 డిగ్రీల దగ్గర ఉంగరంగా మూయడం, నైట్రోజన్ మీద తోక ఎక్కించడం, డీఎంఎఫ్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్‌లతో విల్స్‌మెయర్ చర్య చేసి రెండు చివర్లలో ఆల్డిహైడ్ పెట్టడం, చివరికి నోవెనాగెల్ చర్యతో లాగే ముక్కల్ని కుట్టడం. విల్స్‌మెయర్ సగంలో ఆగి ఒకవైపే ఆల్డిహైడ్ పడితే, చివర్లో ఒంటి చెయ్యి అణువు వస్తుంది. శుద్ధి చేసే కాలమ్‌లో అది అసలు దాని పక్కనే దిగుతుంది. కొద్దిగా కలిసినా పొరలో ఎలక్ట్రాన్లకు గుంతలా అడ్డుపడుతుంది.

మొత్తం స్టెప్పులు పది అటూ ఇటూ. ఒక్కో స్టెప్పులో 80 శాతం దిగుబడి వస్తే మంచిదే అంటాం. పది సార్లు 0.8తో గుణిస్తే 0.107. వంద గ్రాములు రావాల్సిన చోట పదకొండు. ఐదు స్టెప్పులైతే 33 వచ్చేవి. పాలిమర్ వైపు ఇంకో చిక్కు. పీఎం6ను రెండు రకాల ముక్కలను ఒకటి విడిచి ఒకటి గొలుసుగా కుట్టి చేస్తారు. రెండూ సరిసమానంగా ఉండాలి. తూకంలో 1 శాతం తేడా వస్తే గొలుసు సగటున 199 ముక్కలు దాటదు, 5 శాతం వస్తే 39 దగ్గర ఆగిపోతుంది. అందుకే ఒకే పేరుతో కొన్న రెండు సీసాలు రెండు సామర్థ్యాలు ఇస్తాయి.

ధర ఎలా పడుతుందో ఒక ఊహా లెక్క: పదార్థం గ్రాము 20,000 రూపాయలు అనుకుందాం. చదరపు మీటరుకు 0.12 గ్రాము, 2,400 రూపాయలు. 15 శాతం సామర్థ్యంతో ఆ మీటరు 150 వాట్లిస్తుంది. వాట్‌కు 16 రూపాయలు ఒక్క ఆ పొరకే, అదీ చుక్క వృథా కాకపోతే. తిరిగే పళ్లెం మీద పూస్తే సిరాలో తొంభై శాతం పైగా అంచుల నుంచి ఎగిరిపోతుంది. అందుకే ఒక వర్గం నాలుగు స్టెప్పుల్లో తయారయ్యే, 12 శాతం ఇచ్చే అణువే మేలంటుంది. మరో వర్గం, ఫ్రేము, గాజు, కూలీ ఖర్చులు చదరపు మీటరుకు ఒకేలా పడతాయి కాబట్టి సామర్థ్యం తగ్గితే వాట్ ధర పెరుగుతుందంటుంది. రెండూ లెక్క ప్రకారం సరైనవే. గ్రాము ధర వేలల్లో ఉన్నంతకాలం మొదటిది గెలుస్తుంది, వందల్లోకి దిగితే రెండోది.

ఎండలో పోయే పసుపు మరక

తెల్ల చొక్కా మీద పసుపు మరక సబ్బుకు పోదు. తడిపి ఎండలో ఆరేస్తే పోతుంది. వెలుతురు, ఆక్సిజన్ కలిసి కర్క్యుమిన్‌లోని ద్విబంధాల వరుసను తెంపేస్తాయి, వరుస తెగితే రంగు లేదు. వెలుతురును పట్టే గుణం, వెలుతురుకు తెగే గుణం ఒకే బంధానివి.

వై6 జాతిలో బలహీనమైన చోటు నడుమును చివరి ముక్కతో కలిపే ద్విబంధం. నోవెనాగెల్ చర్యలో అన్నిటికంటే చివర కుట్టింది అదే, తొందరగా ఊడేదీ అదే. కరెంటు తీసుకోవడానికి కింద జింక్ ఆక్సైడ్ పొర వేస్తే అతినీలలోహిత కాంతిలో అది ఉత్ప్రేరకంగా మారి ఆ బంధాన్నే కొరుకుతుంది. అమీన్లున్న పొర వేస్తే అదీ అక్కడే దాడి చేస్తుంది. పరిష్కారాలున్నాయి: జింక్ బదులు టిన్ ఆక్సైడ్, పైన అతినీలలోహితాన్ని ఆపే షీటు, లేదా ఆ ద్విబంధాన్ని కూడా ఉంగరంలో బంధించే కొత్త నడుము. చివరిదాంతో గట్టిదనం వస్తుంది, తయారీ స్టెప్పులు పెరుగుతాయి.

వేడి ఇంకో శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో గాలి 42 డిగ్రీలుంటే హైదరాబాద్ డాబా మీది ప్యానెల్ 65 దాటుతుంది. అంత వేడిలో చిన్న అణువులు పొరలో మెల్లగా కదిలి, గుంపు కట్టి, అల్లిక చెదిరిపోతుంది. రెండు మూడు వై6లను గొలుసుగా కలిపి కదలికను తగ్గించే పని ఇప్పుడు ముమ్మరంగా సాగుతోంది. ప్యానెల్‌గా అమ్మాలంటే 85 డిగ్రీలు, 85 శాతం తేమలో 1,000 గంటలు నిలవాలి. వార్తల్లో వచ్చే 20 శాతం పక్కన ఈ గంటల సంఖ్య అరుదుగా ఉంటుంది. సిలికాన్‌కు పాతికేళ్ల వారంటీ ఇస్తున్నారు కాబట్టి, డాబా మీద ఆ రెండింటికీ పోటీ ఇంకా రాలేదు.

గది వెలుతురులో లెక్క తిరగబడుతుంది

డాబా కాక ఇంకో చోటు ఉంది. ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ వెలుతురులో పరారుణం ఉండదు. అక్కడ 930 దాకా పట్టే వై6కు లాభం లేదు, వోల్టేజీ మాత్రం తక్కువ. 1.8, 1.9 గ్యాప్ ఉన్న అణువులే నయం. ఎండలో వెనకబడిందని పక్కన పెట్టిన రకం ఇక్కడ ముందుంటుంది. 1,000 లక్స్ వెలుతురు చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 మిల్లీవాట్. 20 శాతం సామర్థ్యంతో పది చదరపు సెంటీమీటర్ల ముక్క 0.6 మిల్లీవాట్ ఇస్తుంది. కోల్డ్ స్టోరేజీ తలుపు మీద ఉష్ణోగ్రత చూపించి, నిమిషానికోసారి ఆ అంకెను పంపే చిన్న సెన్సర్‌కు అది చాలు. అతినీలలోహితం లేదు, 65 డిగ్రీల వేడి లేదు, పాతికేళ్లు నిలవాల్సిన పనీ లేదు.